ఉరుములపక్షి



గతమాసమున ఈ శీర్షికయందు పొందూరు ఖద్దరు చీరలను ఉదుకు విధమును, గంజిపెట్టు విధమును వ్రాసియుంటిమి. ఈ మాసమున ఒక కారును గూర్చి వ్రాయబూనితిమనిన మీలో కొందఱు నవ్వుకొందురేమో! వంటయింటికిని కారునకును సంబంధమేమని ముక్కున వ్రేలిడుకొందురేమో! ఒకింత యోర్పు వహింపుడు. ఈ కారు కథలో మన యిండ్ల కథయు కొంత గలదు.

మా అక్కగారి కుమార్తె అమెరికాలో డెట్రాయిటు నగర పరిసరములందు కాపురముండును. ఆ ప్రాంతమున మన తెలుగు కుటుంబములు పెక్కులు గలవు. అచ్చట ప్రతి సంవత్సరమును ఆగష్టు మాసపు మూడవ శనివారమున వుడ్‌వర్డ్ అవెన్యూ అను రాజమార్గముపై పాతకాలపు కార్ల ఊరేగింపు జరుగును. 1995లో మొదలయిన వేడుక యిది. మన పైడితల్లి అమ్మవారి సిరిమాను నాడు విజయనగరము వీథులు నిండినట్లు ఆ మార్గమంతయు కార్లతోను, చూడవచ్చిన జనముతోను నిండునట. ఆ వేడుకలో ఒక కారు ప్రక్కన నిలిచి తీయించుకొన్న ఛాయాచిత్రమును ఆ పిల్ల మాకు పంపినది. తెల్లని కారు, పొడవైన ముక్కు, వెనుకవైపున ఇరుప్రక్కల చిన్న రెక్కలు, పైకప్పు ప్రక్కన ఓడ కిటికీవంటి గుండ్రని అద్దము. "పిన్నీ, ఇది 1957 నాటి ఫోర్డు థండర్‌బర్డ్. ఎంత ముద్దుగా ఉందో చూడు" అని క్రింద వ్రాసినది.

ఆ చిత్రమును మా అత్తగారికి జూపితిమి. ఆమె శ్రీకాకుళమున పుట్టి పెరిగిన మనిషి. మనసులోని మాట దాచుకొనుట యెఱుగదు. కండ్లజోడు సవరించుకొని ఎగాదిగ చూచి, "ఇదేటమ్మా! పడవంత బండి చేసి ఇద్దరికే చోటుంచినారేటి? మిగిలినోళ్లు నడిచి రావాలేటి?" అనెను.

మేము నవ్వితిమి. కాని ఆ ప్రశ్న మనసును వీడలేదు. ఆ కారు పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనగా ఒక వింత బయటపడినది. దానిని చేసిన కంపెనీ వారును కొలదియేండ్లలోనే ఆ ప్రశ్ననే వేసికొనిరట! ఆ కారు భాగ్యమంతయు ఆ ప్రశ్నకు వారిచ్చిన బదులుపై నాధారపడినది.

ఇద్దరి బండి యనునది మనకు క్రొత్త గాదు. మా తండ్రిగారు బాల్యమున మమ్ము ఇంటియొద్దనే కూర్చుండబెట్టి రామాయణ భారతములు చదివించిరి. వానిలో రెండు తెఱగుల వాహనములు మాకు కనబడినవి. ఒకటి రథము. దానియందు రథి యొకడు, సారథి యొకడు. అర్జునుని రథమున కృష్ణుడు, కర్ణుని రథమున శల్యుడు. రెండవది పుష్పకము. అది కుబేరునిది, రావణుడు హరించెను, రావణవధానంతరము శ్రీరాముడు సీతాలక్ష్మణులతో, విభీషణునితో, వానరవీరులతో దానిపై అయోధ్యకు మరలి వచ్చెను. ఎందఱెక్కినను ఇంకొకరికి చోటుండునని దానిని గూర్చి మన పెద్దలు చెప్పుదురు. రథము ఒకరి పౌరుషమునకు గుఱుతు. పుష్పకము పదిమందితోడి కాపురమునకు గుఱుతు. లోకమునందలి బండ్లన్నియు ఈ రెంటిలో ఏదో యొక జాతికి చెందునని మాకు తోచును.

అమెరికాలో కారు ఇంటింటికి వచ్చినది పుష్పకముగానే. హెన్రీ ఫోర్డు 1908లో 'మోడల్ టి' యను కారును అమ్మకమునకు పెట్టెను. మొదట దాని వెల 850 డాలర్లు. కర్మాగారములో కారు కదలుచుండగా పనివాడు నిలిచినచోటనే నిలిచి పనిచేయు పద్ధతి 1913లో ఏర్పడిన పిదప, ఆ వెల నానాటికి తగ్గి 1920వ దశకమున 300 డాలర్లకు లోపల వచ్చెను. 1927లో దాని తయారీ నిలుచునప్పటికి కోటి యేబది లక్షల కార్లు బయటికి వచ్చెను. చాలకాలము దాని రంగు నలుపొక్కటియే. అది సేద్యగాని కారు. సంతకు గంపలు మోసినది. ఆదివారము ప్రార్థనకు పిల్లాజెల్లను చేర్చినది. అవసరము కొఱకు పుట్టిన బండి.

అవసరము తీఱిన పిదప ముచ్చట పుట్టుట లోకస్వభావము గదా! రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలో ధనము పెరిగినది. ఇంటికొక కారున్నది, కొన్ని యిండ్ల రెండవదియు వచ్చినది. సీమనుండి వచ్చిన చిన్న ఇద్దరికార్లను చూచి పడుచువారు ముచ్చటపడసాగిరి. 1953లో షెవర్లే వారు 'కార్వెట్' అను ఇద్దరి కారును తెచ్చిరి. ఆ యేట చేసినవి 300 మాత్రమే. దానికి పోటీగా ఫోర్డు వారు సిద్ధపఱచినదే మన కథానాయిక. 1954 ఫిబ్రవరిలో డెట్రాయిటు ప్రదర్శనమున తొలిసారి కనబడి, ఆ యేటి అక్టోబరులో 1955 నమూనాగా అంగళ్లకు వచ్చెను.

పేరు పెట్టుటకే పెద్ద తర్జనభర్జన జరిగినది. తుదకు కంపెనీలోనే రూపకల్పన చేయు ఆల్డెన్ గిబర్సన్ అను నతడు సూచించిన పేరు నిలిచినది. థండర్‌బర్డ్ అనగా ఉరుములపక్షి. అమెరికా ఆదివాసుల కథలలో నొక మహాపక్షి కలదు. అది రెక్క లల్లార్చినప్పుడు ఉరుములు పుట్టుననియు, వాన కురియుననియు వారి నమ్మిక. మన గరుత్మంతుని రెక్కల గాలికి సముద్రములు కలగినవని చదువుకొన్న మనకు ఈ పేరు పరాయిదిగా తోచదు.

ఆ కారులో నేమున్నది? ఎనిమిది సిలిండర్ల ఇంజను. దాని పరిమాణము 4.8 లీటర్లు. మనమెఱిగిన అంబాసిడరు ఇంజను లీటరున్నర యని గుర్తుంచుకొన్నచో, మూడు అంబాసిడర్ల బలము ఇద్దఱు మనుష్యుల కొఱకని తెలియును. మీట నొక్కిన అద్దములు లేచు ఏర్పాటు, మీటతోనే ముందువెనుకలకు జరుగు ఆసనము, కావలసినప్పుడు తీసివేయదగిన గట్టి పైకప్పు, ఇవి కోరువారికి లభించెను. కార్వెట్‌నకు ఆ దినములందు ప్రక్క అద్దములు పైకెత్తు సాధనమే లేదు; వాన వచ్చిన తెరలు తగిలించుకొనవలెను. ఉరుములపక్షికి చక్కని అద్దములుండెను. అదియొక పందెపు గుఱ్ఱము. ఇది ముస్తాబైన జట్కాబండి. జుట్టు చెదరకుండ, చీర తడియకుండ వేగముగా పోవచ్చును. 1955లో కార్వెట్లు 700 తయారుకాగా, థండర్‌బర్డులు 16,155 తయారయ్యెను. ఫోర్డు వారు దీనిని పందెపు కారనలేదు. 'పర్సనల్ కారు' అనిరి. అనగా ఒకరి సొంతపు కారు. ఆ సొంతమను మాటలోనే దీని ఆకర్షణమంతయు నున్నది.

వారి నడవడిలో మాకు నచ్చిన గుణ మొకటి గలదు. కొన్నవారు చెప్పిన లోపములను మఱుసటి యేడే దిద్దిరి. లోపల ఉక్క యనగా 1956లో గాలి వచ్చు ద్వారములు పెట్టిరి. సామానునకు చోటు చాలదనగా అదనపు చక్రమును వెనుక బయట తగిలించిరి. పైకప్పు వలన ప్రక్క బండి కనబడుట లేదనగా ఆ గుండ్రని కిటికీ అమర్చిరి. మా మేనకూతురు ముద్దుగా నున్నదన్న ఆ కిటికీ అందమునకై పుట్టినది గాదు. కనుచూపు కొఱకు పుట్టి అందమైనది. ఆ 1956లోనే ఫోర్డు వారు నడుమునకు కట్టుకొను రక్షణపట్టీని తమ కార్లలో అదనపు వెలకు ఇచ్చిరి. ఈనాడు మన పిల్లలకు కట్టుమని మనము పోరుపెట్టు సీటుబెల్టు అదే.

ఇక స్త్రీలకు సంబంధించిన ఘట్టము. ఆ 1955లోనే డాడ్జి యను మఱియొక కంపెనీ 'లా ఫామ్' అను కారును తెచ్చెను. ఫ్రెంచి భాషలో దాని యర్థము 'స్త్రీ' యని. ప్రత్యేకముగా ఆడువారికని చేసినది. రంగు గులాబి, లోపల ఆసనములపై గులాబి పూలు. కారుతోపాటు గులాబిరంగు చేతిసంచి, పౌడరు డబ్బీ, పెదవిరంగు పెట్టె, వానకోటు, గొడుగు! ఇన్ని యిచ్చియు ఆ కారు నడచినది రెండేండ్లే. 1956 తరువాత ఆపివేసిరి. రెండేండ్లకు కలిపి 2,500 కూడ అమ్ముడు పోలేదని అంచనా.

ఎందువలన? మాకు తోచినది చెప్పెదము. ఆ కారు స్త్రీకి గొడుగిచ్చెను గాని గౌరవ మీయలేదు. "నీవు ఆడుదానవు గనుక నీకింత రంగు, ఇంత పౌడరు చాలు" అన్నట్లుండెను. ఉరుములపక్షి యట్లు గాదు. ఇది వీరిదని దానిపై పేరు వ్రాయలేదు. ఎవరు తాళపుచెవి త్రిప్పిన వారిది. 1964లో బీచ్ బాయ్స్ అను పాటగాండ్ర బృందము 'ఫన్, ఫన్, ఫన్' అను పాట పాడినది. అందొక పడుచుపిల్ల గ్రంథాలయమునకని తండ్రితో చెప్పి అతని థండర్‌బర్డ్‌లో షికారు తిరుగును. తుదకు తండ్రి తాళపుచెవి లాగికొనును. 1991లో వచ్చిన 'థెల్మా అండ్ లూయిస్' చిత్రములో ఇద్దఱు స్త్రీలు 1966 నాటి థండర్‌బర్డ్‌లో ఇల్లు విడిచి పోవుదురు. ఆ కథ వ్రాసినది కాలీ ఖౌరీ అను స్త్రీ. దానికి ఆస్కారు బహుమానము పొందినది. ఆ చిత్రపు ముగింపు విషాదము. అట్టి దారి యెవరికిని వలదు. కాని స్త్రీకి స్వేచ్ఛ యను భావమునకు రూపు కట్టవలసివచ్చినప్పుడు వారు ఎన్నుకొన్నది గులాబి కారును గాదు, ఉరుములపక్షినే యన్నది గమనింపదగినది.

మా అత్తగారి ప్రశ్నకు వత్తము. ఇద్దరి కారు మూడేండ్లలో 53,000లకు పైగా అమ్ముడు పోయినను, కంపెనీలో పైపదవికి వచ్చిన రాబర్ట్ మక్నమారా తృప్తిపడలేదు. ఈయనయే పిదప అమెరికా రక్షణమంత్రియై, ఆపై ప్రపంచబ్యాంకునకు అధ్యక్షుడాయెను. లెక్కలలో దిట్ట. పెండ్లికాని పడుచువారు ఎందఱు? పిల్లలుగలవారు ఎందఱు? పిల్లలను కూర్చుండబెట్టుటకు చోటులేదని వెనుదీయువారు ఎందఱు? ఇట్లు ఆలోచించి 1958లో కారును పెంచి వెనుక మఱి ఇద్దఱికి చోటిచ్చిరి. అందము చెడినదని కొందఱు ముచ్చటగాండ్రు వాపోయిరి. కాని ఆ యేడు అమెరికాలో వ్యాపారము మందగించియున్నను 37,892 కార్లు తయారై అమ్ముడుపోయెను. మఱుసటి యేట 67,456. 1960లో తొంబదివేలు దాటినది. 'పర్సనల్ లగ్జరీ కారు' అను జాతియే దీనితో వేరూనినది. 1963లో బ్యూయిక్ రివియేరా, 1966లో ఓల్డ్స్‌మొబీల్ టొరొనాడో, 1970లో షెవర్లే మాంటె కార్లో, అన్నియు ఈ బాట పట్టినవే. వెనుక చోటున్నది, అయినను ముందు కూర్చున్నవానికి ఇది నాది యను భావము చెడలేదు. రథమునకు పుష్పకపు గుణము కొంత అబ్బినది.

మా అత్తగారికి ఈ సంగతి చెప్పగా, "నేను చెప్పనేదేటి!" యని తల యెగురవేసినది.

పిమ్మటి కథ త్వరగా చెప్పి ముగింతుము. ఐశ్వర్యము వచ్చినవాని నడుమువలె ఆ కారు ఏటేట లావెక్కినది. 1972 నాటికి రెండు టన్నుల బరువై, ఏడు లీటర్ల ఇంజను పెట్టుకొన్నది. 1973లో అరబ్బు దేశములు నూనె బిగబట్టగా పెట్రోలు ప్రియమై, ఆ లావే దానికి భారమైనది. 1977లో ఒడలు తగ్గించి వెల తగ్గింపగా ఒక్క యేటనే మూడులక్షలకు పైగా పోయినది. కాని అందఱి దగ్గఱ ఉన్నది నాది యెట్లగును? ఆ సొంతపు సొగసు పలుచబడినది. 1997లో తయారీ ఆపిరి. 2002 నమూనాగా పాత ముఖముతో ఇద్దరి కారుగానే మరల తెచ్చి, 2005తో శాశ్వతముగా చాలించిరి. ఏబదియేండ్లలో నలువది లక్షలకు పైగా కార్లు తయారయ్యెను. నేడు అవి వుడ్‌వర్డ్ వేడుకవంటి చోట్లను, ముచ్చటగాండ్ర యిండ్లను మాత్రమే కానవచ్చును.

మన తెలుగునాట ఈ పక్షి వ్రాలినదా యని మీరడుగుదురు. అమెరికా కార్లు మనకు తెలియనివి గావు. 1928లోనే జనరల్ మోటార్సు వారు బొంబాయిలో కార్లు కూర్చు కర్మాగారము పెట్టిరి. ఫోర్డు వారును వచ్చిరి. రాజులును జమీందారులును వానిని కొనిరి. హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాము ప్రదర్శనశాలలో రోల్సురాయిసు ప్రక్కన అమెరికావారి ప్యాకార్డు కారును చూడవచ్చును. అయితే 1950వ దశకపు మధ్యమునకు ఆ రెండు కంపెనీలును మన దేశమున వ్యాపారము చాలించుకొన్నవి. ఉరుములపక్షి అక్కడ గ్రుడ్డు పగిలి బయటికి వచ్చుచుండగానే ఇక్కడి గూడు మూతపడినదన్నమాట. మనకు దక్కినది 1957లో పుట్టి 2014 వఱకు తయారైన అంబాసిడరు.

అమెరికా బండిని మనవారెట్లు వాడుకొనిరో చూడుడు. 1982లో నందమూరి తారకరామారావుగారు రాష్ట్రమంతట తిరిగిన 'చైతన్యరథము' పాత షెవర్లే బండికి మార్పులు చేసినదే. కుమారుడు హరికృష్ణ సారథి, తండ్రి రథి. అమెరికావాడు కారుపైకప్పు తీసి తాను గాలి పీల్చుకొనగా, మనవారు బండి పైకప్పునెక్కి లోకమునకు కనబడిరి! ఇక మా బాల్యమున అంబాసిడరు సంగతి చెప్పవలెనా? అరసవల్లి మ్రొక్కునకని బాడుగకు పిలిచిన బండిలో పెద్దలు ఎనమండుగురు, ఒడులలో పిల్లలము నలుగురము. ముందు బల్లవంటి ఆసనమున డ్రైవరుతో గూడి నలుగురు. స్త్రీలందఱును వెనుకనే. కిటికీ ప్రక్క చోటు మగపిల్లలది. నాగావళి వంతెన వచ్చినదని మాకు చెప్పినచో తెలియవలసినదే గాని, మాకు కనబడినది మేనత్తగారి చీరకొంగు మాత్రమే. అది పుష్పకమే, సందేహము లేదు. కాని పుష్పకములో ఎవరు ఏ ప్రక్క కూర్చుండిరో మాకు తెలియదు.

ఇక మా సొంత సంగతి. మేమున్నది చీపురుపల్లికి చేరువనున్న ఒక పల్లె. మా వారు బడిపంతులు. మూడేండ్ల క్రిందట బ్యాంకి అప్పుతో ఒక పాత చిన్నకారు కొనిరి. ఆదివారములందు వారు నడుపుదురు, మామగారు ముందు, అత్తగారును మేమును పిల్లలిద్దఱును వెనుక. కారును తుడుచుట మా పని. దాని తాళపుచెవిని ముట్టవలదని మమ్మెవరును అనలేదు, ముట్టుమనియు అనలేదు, మాకును తోచలేదు.

రెండేండ్ల క్రిందట ఆశ్వయుజపు ముసురులో ఒకనాడు మా వారు శిక్షణతరగతులకని విజయనగరము పోయి, వాన వలన అచ్చటనే చిక్కుపడిరి. రాత్రి పదకొండు గంటలకు మామగారికి ఆయాసమెత్తినది, ఒడలెల్ల చెమటలు. ఆస్పత్రి బండి కొఱకు ఫోను చేసితిమి. దారిలో చెట్టు కూలియుండుటచే అది చుట్టు తిరిగి రావలసియున్నదట. వాకిట మా కారు నిలిచియున్నది. అందు పెట్రోలున్నది. తాళపుచెవి గోడమేకునకు వ్రేలాడుచున్నది. నడుపువారు లేరు. పంచకావ్యములు చదివితిమి, ఆ యినుప పెట్టెను పది గజములు కదల్ప నేరము. అత్తగారు ఒక మాటు కారువంక, ఒక మాటు మావంక చూచినది. ఏమియు అనలేదు. ఆ చూపు మేము మఱవలేదు.

వీథి చివర ఆటో తోలు అబ్బాయిని లేపితిమి. అతడు ఆ వానలో ప్రక్కలకు గోనెపట్టాలు కట్టి, పొలాల దారిని మమ్ము ఆస్పత్రికి చేర్చెను. వైద్యులు సమయమునకు చూచిరి. ప్రాణము నిలిచినది. నేడు మామగారు కుశలము.

మూడవనాడు ఇంటికి వచ్చిన పిదప అత్తగారు మమ్ము వంటయింటిలోనికి పిలిచి, "అమ్మా, ఆ బండి తోలడం నువ్వు నేర్చుకో. నూతినిండా నీళ్లుండి చేద నేనట్టయిపోనాది ఆ రాత్రి" అనెను. ఆడుది కారు తోలుటేమని మొదట అడ్డుచెప్పునది ఆమెయే యని మేము లోలోన ననుకొనియుంటిమి. మా తలంపునకు మేమే సిగ్గుపడితిమి.

భర్తయొద్ద కారు నేర్చుకొనుట దాంపత్యమునకు హితవు గాదని రెండు దినములలో తెలిసినది. పిమ్మట రుసుము చెల్లించి ఒక శిక్షకునియొద్ద నేర్చితిమి. క్లచ్చి వదలినంతనే బండి కప్పవలె గెంతెడిది. గట్టుపై కూర్చున్నవారు, "మాస్టారి ఇల్లాలు కారు తోలుతోందట, కోళ్లను కట్టేయండి" అని నవ్విరి. పరీక్షలో హెచ్ అక్షరము ఆకారమున బండిని వెనుకకు నడుపవలెను. మొదటిమాటు కడ్డీని తాకి తప్పితిమి. రెండవమాటు నెగ్గితిమి. ఆ దినమున మాకు స్మరణకు వచ్చినవారు ముగ్గురు: సంగ్రామమున దశరథుని కాచి తప్పించిన కైకేయి, అర్జునునితో ద్వారక వెడలునప్పుడు పగ్గములు పట్టినదని చెప్పుకొను సుభద్ర, కారు నడుపుటయందు మక్కువగల మన మహానటి సావిత్రి. పగ్గములు ఆడుదాని చేతికి క్రొత్త గావు; నడుమ ఎవరో గోడమేకునకు తగిలించినారు.

గడచిన రథసప్తమికి అరసవల్లి ప్రయాణమైతిమి. మా వారు బడిపనిచే రాలేదు. బండి తీసి నిలుపగా మామగారు అలవాటు చొప్పున ముందు తలుపు తీసిరి. అత్తగారు చేయి అడ్డుపెట్టి, "ఈసారి నేను ముందు కూచుంటాను" అనెను. ఆయన ఒక క్షణము ఆమెవంక చూచి, నవ్వి, వెనుకకు పోయి పిల్లల నడుమ కూర్చుండిరి. డెబ్బదియేండ్ల జీవితమున ఆమె కారులో ముందు కూర్చుండుట అదియే తొలిసారి. దారి పొడవున ఆమె మాటాడలేదు. నాగావళి వంతెన మీద మాత్రము, "ఇంత వెడల్పా ఏరు!" అనెను. ఆ యూరనే పుట్టి పెరిగి, ఎన్నిమార్లు ఆ వంతెన దాటినదో గదా! ఏడు రోడ్ల కూడలిలో జనము నడుమ మా చేతులు వణకినప్పుడు, "తొందర పడకు, మన దారి మనకుంది" అని ధైర్యము చెప్పినది కూడ ఆమెయే.

అప్పుడు మాకు ఉరుములపక్షి ఆకర్షణము బోధపడినది. ఎనిమిది సిలిండర్లు గాదు, మీటతో జరుగు ఆసనము గాదు, రెక్కలును గావు. ఎదుట దారి కనబడు చోట ఒకరికి తనదను ఆసన ముండుటయే ఆ విలాసము. అమెరికావారు దానిని మూడువేల డాలర్లకు అమ్మిరి. మన యిండ్లలో అది అప్పులోనున్న పాతకారులో కూడ దొరకును; జరిగి చోటిచ్చువారు వెనుక నొక రుండవలెను, అంతే. ఇద్దరికి చోటుంచి అందఱిని విడిచిన బండి యెక్కువకాలము సాగలేదు. అందఱిని ఎక్కించుకొని ఒకరిని ఎల్లప్పుడును వెనుకకే నెట్టు బండియు మేలైనది గాదు. ఇంటియందును అంతియే.

ఇంట కారుండి నేర్చుకొనని సోదరీమణులకు రెండు మాటలు. పదునెనిమిదేండ్లు నిండినవారెవరైనను ఎల్లెల్లార్ పొందవచ్చును. అది ఆరు మాసములు చెల్లును. ముప్పది దినములు గడచిన పిదప పక్కా లైసెన్సు పరీక్షకు పోవచ్చును. ఉదయమున బడి మైదానము ఖాళీగా నున్నప్పుడు, అనుమతి గైకొని, తోడుండగా అభ్యసింపుడు. ముందు బ్రేకును నమ్ముడు, పిదప ఇంజనును. ఎక్కినంతనే బెల్టు కట్టుకొనుడు, వెనుకవారిచేతను కట్టింపుడు. నవ్వువారిని నవ్వనిండు. తొడలు లేని అనూరుడు సూర్యుని ఏడు గుఱ్ఱములను దినదినము తోలుచుండగా, కాళ్లుసేతులు గల మనము ఒక క్లచ్చికి వెఱతుమా?

మా మేనకూతురునకు బదులు వ్రాసితిమి: నీ కారు ముద్దుగానే యున్నది, కాని మీ అమ్మమ్మ వరుసవారు దానిలో ముందు కూర్చుందురట, ఈసారి నాలుగు చోట్లున్న దానిని చూడుమని.